నాయనకు షుగర్, తాతకు షుగర్, అన్నకు షుగర్. అమ్మ వైపు ఎవరికీ లేదు. నాకు వస్తుందా?

దామలచెరువు_మామిడి
జూన్ 2, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. నాకు 34 ఏండ్లు. ఊరు దామలచెరువు పక్కన, పని తిరుపతిలో. మా నాయనకు 45లో షుగర్ బయటపడింది. రెండేండ్ల కిందట కాలి వేళ్ళు రెండు తీసేసినారు. ఆయన తండ్రి, అంటే మా తాత, అరికాలి పుండు మానకుండానే పోయినాడు. అప్పట్లో దానికి పేరు పెట్టినోళ్ళు లేరు, ఇప్పుడు తలుచుకుంటే అదీ షుగరే అనిపిస్తాది. మా అన్నకు 29కే వచ్చింది. సన్నగా ఉంటాడు, తాగడు. అమ్మ వైపు మాత్రం ఎవరికీ లేదు.

పోయిన వారం ఆఫీసు క్యాంపులో నాకు పరగడుపున 104, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు చెప్పేది) 5.9 వచ్చింది. "ఇంకా రాలేదు, జాగ్రత్త" అని పంపేసినారు. అప్పటి నుంచి ఫోను తెరిస్తే జన్యు పరీక్ష ప్రకటనలే. ఉమ్మి పంపితే షుగర్ వచ్చేదీ రానిదీ చెప్పేస్తారంట. చేయించుకునేదా?

ఇంకో సంగతి. మా చెల్లెలికి సంబంధాలు చూస్తా ఉండాము. పీలేరు నుంచి వచ్చినోళ్ళు అన్నీ మాట్లాడుకున్నాక "మీది షుగర్ వంశమంట గదా" అని వెనక్కి పోయినారు. ఆ రాత్రి అమ్మ అన్నం ముట్టలేదు. నాయన అయితే నా వల్లనే, నా వల్లనే అని తెల్లవార్లూ అంటానే ఉన్నాడు. అందుకే రాస్తా ఉండా. తెలిసినోళ్ళు చెప్పండి.

నైట్‌డ్యూటీ_అక్క (తిరుపతి, స్టాఫ్ నర్సు)
జూన్ 2, రాత్రి 10:25

తమ్ముడూ, ముందు నీ అంకెలు చూద్దాం. పరగడుపున 100 నుంచి 125 దాకా, హెచ్‌బీఏ1సీ 5.7 నుంచి 6.4 దాకా ఉంటే షుగర్‌కు ముందు దశ అంటారు. 126 గానీ, 6.5 గానీ, ఆ పైన గానీ వస్తే షుగరే. నువ్వు ముందు దశలో ఉన్నావు. కానీ మన వాళ్ళలో చాలామందికి పరగడుపు అంకె బాగానే ఉండి, తిన్నాక పెరిగేది ముందు చెడిపోతుంది. అందుకని 75 గ్రాముల గ్లూకోజు తాగించి రెండు గంటలకు రక్తం తీసే పరీక్ష చేయించుకో. అప్పుడు 140 లోపు ఉంటే మంచిది, 200 వస్తే షుగర్.

నడుము కొలత ఎంత? మన మగవాళ్ళకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకు 80 దాటకూడదు.

ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోవద్దు. అమ్మ వైపు లేదు అన్నావు. పరీక్ష చేయించి లేదంటున్నావా, చేయించక లేదంటున్నావా?

దామలచెరువు_మామిడి
జూన్ 2, రాత్రి 10:51

నడుము 94 అక్కా. బరువు 66. చూస్తే లావుగా ఉండను.

అమ్మకు ఎప్పుడూ చేయించలేదు. ఆమెకు ఏ ఇబ్బందీ లేదు, పొద్దుమానం పని చేస్తానే ఉంటాది.

పలమనేరు_రైతు
జూన్ 3, ఉదయం 6:05

ఈ జన్యువుల మాట నాకు మింగుడు పడదు. మా తాతలు పొద్దున సంగటి ముద్ద, ఉలవచారు తిని దుక్కి దున్నినారు. 80 ఏండ్లు బతికినారు. వాళ్ళకు జన్యువులు లేవా? ఇప్పుడు మూడు పూటలా తెల్లన్నం, పొలానికి బండి మీద పోవడం, మోటారు ఆన్ చేసి మంచం మీద పడుకోవడం. రోగం అక్కడ ఉంది. వంశాన్ని తిడితే ఏం లాభం? చెల్లెలి సంబంధం చెడగొట్టినోళ్ళ ఇంట్లో అందరికీ రక్తపరీక్ష చేయిస్తే తెలుస్తుంది ఎవరిది ఏ వంశమో.

ఎస్వీయూ_పాత_విద్యార్థి (ఇప్పుడు హైదరాబాదు, జన్యుశాస్త్ర ల్యాబ్)
జూన్ 3, ఉదయం 8:30

పలమనేరు అన్న చెప్పింది నిజమే, అది సగం. రెండు తరాల్లో జన్యువులు మారవు. మీ తాతలకు ఉన్నవే మీకూ ఉన్నాయి. వాళ్ళ దగ్గర నిద్రపోయినవి మన దగ్గర లేచి కూర్చున్నాయి. అయితే ఒకే వీధిలో, ఒకే తిండి తిని, ఒకే రకంగా కూర్చునే పదిమందిలో ఇద్దరికే ఎందుకు వస్తుంది? అక్కడ జన్యువుల మాట ఎత్తక తప్పదు.

షుగర్ జన్యువు అని ఒకటి లేదు. వందల చోట్ల చిన్న చిన్న తేడాలు ఉన్నాయి. 2024లో నేచర్ పత్రికలో వచ్చిన అధ్యయనం 25 లక్షలమంది డీఎన్‌ఏను పోల్చి చూసి 611 చోట్లు గుర్తించింది. వాటిలో చాలావాటి బలం ఆవగింజంత. ఒక్కటి మాత్రం మిగతావాటికంటే గట్టిది. పేరు టీసీఎఫ్7ఎల్2, ఉండేది పదో క్రోమోజోములో. 2006లో ఐస్‌లాండ్ వాళ్ళు మొదట పట్టుకున్నారు. మరుసటి ఏడాదే మన హైదరాబాదులోని సీసీఎంబీ అనే పరిశోధన సంస్థ, పూనా వైద్యులు కలిసి మన దేశపు వాళ్ళలోనూ అదే ఉందని చూపించారు.

అందులో ఒకచోట సీ అనే అక్షరం బదులు టీ ఉంటుంది, అంతే. ఆ అక్షరం ప్రోటీను రూపాన్ని మార్చదు, జన్యువు ఎప్పుడు ఎంత పనిచేయాలన్న లెక్కను మారుస్తుంది. దానివల్ల భోజనం చేశాక క్లోమంలోని బీటా కణాలు ఇన్సులిన్ వదలడంలో వెనకబడతాయి. ప్రతి జన్యువూ మనకు రెండు కాపీలు, అమ్మది ఒకటి, నాన్నది ఒకటి. టీ ఒక కాపీలో ఉంటే ముప్పు సుమారు 1.4 రెట్లు, రెండింటిలోనూ ఉంటే దాదాపు రెట్టింపు. అంటే నూరుమందిలో పదిమందికి వచ్చే ఊళ్ళో, టీ ఒక కాపీ ఉన్న నూరుమందిని తీస్తే పదమూడు, పద్నాలుగు మందికి వస్తుంది. మిగిలిన ఎనభై ఆరుగురికి ఆ టీ ఉండి కూడా రాదు. ఈ లెక్క మీ నాన్నగారికి చదివి వినిపించండి.

కొర్లగుంట_కుర్రోడు
జూన్ 3, మధ్యాహ్నం 1:15

అన్నా, జన్యు పరీక్ష విషయం నేను చెప్తా. మూడేళ్ళ కిందట నేను చేయించుకున్నా. కంపెనీ పేరు వద్దు. రంగురంగుల రిపోర్టు వచ్చింది, షుగర్ ముప్పు "సగటు కన్నా తక్కువ" అని పచ్చరంగులో రాసి. మా అమ్మకు షుగర్ ఉంది. అయినా ఆ పచ్చరంగు చూసి ధైర్యం తెచ్చుకున్నా. ఏడాదికోసారి చేయించుకునే రక్తపరీక్ష కూడా మానేశా. పోయిన దసరాకు కళ్ళు మసకలు అయితే అద్దాలు మార్చాలేమో అని పోయినా. కళ్ళ డాక్టరే రక్తపరీక్ష రాసింది. 280. ఆ రిపోర్టు లేకపోయి ఉంటే నేను అట్లా నిర్లక్ష్యం చేసేవాణ్ణి కాదు. ఆ ఏళ్ళు తిరిగి రావు.

ఎస్వీయూ_పాత_విద్యార్థి
జూన్ 3, మధ్యాహ్నం 2:40

చాలా బాధగా ఉంది తమ్ముడూ. నేను పనిచేసేది ఈ రంగంలోనే కాబట్టి గట్టిగా చెప్తున్నాను. ఈ జన్యు పరీక్షల ముప్పు స్కోర్లు ఎక్కువగా యూరప్ మూలాలున్న వాళ్ళ లెక్కల మీద కట్టినవి. 2024 అధ్యయనంలో కూడా ఐదింట మూడు వంతులు వాళ్ళే. వాళ్ళ కొలబద్దతో మనల్ని కొలిస్తే గురి తప్పుతుంది. దక్షిణాసియా వాళ్ళను ప్రత్యేకంగా చూసి 2011లో ఆరు కొత్త చోట్లు కనుక్కున్నారంటేనే తెలుస్తుంది కదా, మన వాళ్ళను చూడకపోతే కొన్ని కనబడవని.

పైసా ఖర్చు లేని పరీక్ష ఒకటి ఉంది: ఇంట్లో ఎవరెవరికి, ఏ వయసులో వచ్చిందో కాగితం మీద రాయడం. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే బిడ్డకు జీవితకాలంలో వచ్చే అవకాశం సుమారు 40 శాతం, ఇద్దరికీ ఉంటే 70 శాతం దాకా అని పాఠ్యపుస్తకాలు చెప్తాయి. మామిడి తమ్ముడూ, నీ సంగతిలో నేను ముందు తేల్చుకోవాలనుకునేది అదే. అమ్మకు ఉందా లేదా?

బైరాగిపట్టెడ_మాస్టారు (విశ్రాంత సైన్సు ఉపాధ్యాయుడు)
జూన్ 3, సాయంత్రం 5:20

నాకు 73. షుగర్ వచ్చి 22 ఏళ్ళు. ఇంకొక కోణం చెప్తాను.

1962లో జేమ్స్ నీల్ అనే అమెరికా శాస్త్రవేత్త పొదుపు జన్యువు అనే ఊహ చేశాడు. కరువుల్లో బతికి బట్టకట్టిన వాళ్ళ ఒంట్లో తిన్నదాన్ని దాచుకునే గుణం మిగిలిందని, తిండి పుష్కలమయ్యాక అదే గుణం చేటు చేస్తుందని. మన రాయలసీమ వాళ్ళకు ఈ మాట వినగానే గుండెకు తగులుతుంది. 1952 కరువులో గంజి కేంద్రాల దగ్గర వరసలో నిలబడిన సంగతి మా అమ్మ చెప్పేది. అప్పుడు నేను ఆమె కడుపులో ఉన్నాను.

అయితే ఆ ఊహను నిలబెట్టే జన్యువులు గట్టిగా దొరకలేదు. తర్వాత 1992లో హేల్స్, బార్కర్ అనే ఇద్దరు దాన్ని తిరగేశారు. పొదుపు నేర్చుకునేది తరతరాల జన్యువు కాదు, తల్లి కడుపులో ఆకలి చూసిన బిడ్డ శరీరమే అన్నారు. నెదర్లాండ్స్‌లో 1944–45 చలికాలపు కరువులో గర్భంలో ఉన్న వాళ్ళను పెద్దయ్యాక పరీక్షిస్తే గ్లూకోజు అదుపు దెబ్బతిన్నట్టు కనబడింది. పూనాలో యాజ్ఞిక్ గారి బృందం పుట్టిన బిడ్డలను కొలిచింది. అక్కడి బిడ్డల సగటు బరువు 2.7 కిలోలు, ఇంగ్లండులో సౌతాంప్టన్ బిడ్డలు 3.5 కిలోలు. బరువులో అంత తగ్గినా చర్మం కింద కొవ్వు మాత్రం ఆ నిష్పత్తిలో తగ్గలేదు. తగ్గింది కండ. మామిడి బాబూ, 66 కిలోల మనిషికి 94 సెంటీమీటర్ల నడుము ఎలా వచ్చిందో ఇందులో కొంత జవాబు ఉంది.

వేలూరు_రోడ్డు_చిత్తూరు
జూన్ 3, రాత్రి 9:05

మీ అన్న గురించి చదివి రాస్తున్నాను. మా ఆయనకు 22 ఏళ్ళకే షుగర్ వచ్చింది. సన్నటి మనిషి. చిన్న వయసు కదా అని టైప్ 1 (ఒంట్లో ఇన్సులిన్ దాదాపు తయారు కాని రకం) అనుకుని తొమ్మిదేళ్ళు ఇన్సులిన్ పొడిపించారు. మా మామగారికి 25కి, వాళ్ళ అమ్మకు కూడా చిన్నప్పుడే. చివరికి వేలూరులో ఒక డాక్టరమ్మ ఈ మూడు తరాల కథ ఓపిగ్గా విని, ఇది మోడీ (MODY, ఒక్క జన్యువు వల్ల చిన్న వయసులోనే వచ్చే షుగర్) అనే రకం కావచ్చు అని రక్తం జన్యు పరీక్షకు పంపింది. హెచ్‌ఎన్‌ఎఫ్1ఏ అనే జన్యువులో మార్పు అని వచ్చింది. ఇప్పుడు ఇన్సులిన్ లేదు, రోజుకో చిన్న మాత్ర. అది మొదలుపెట్టిన రోజు ఆయన సూదుల డబ్బా పట్టుకుని కూర్చుండిపోయారు, ఆ ముఖం నేను మరచిపోలేను. అయితే ఇన్సులిన్ ఆపింది డాక్టర్లే, దగ్గర పెట్టుకుని చూస్తూ ఆపారు. ఎవరూ సొంతంగా ఆ పని చేయొద్దు.

మా పాపకు సగానికి సగం అవకాశం అన్నారు. ముందే తెలుసు కాబట్టి మేము కనిపెట్టుకుని ఉన్నాము.

ఎస్వీయూ_పాత_విద్యార్థి
జూన్ 3, రాత్రి 10:10

జన్యు పరీక్ష నిజంగా పనికొచ్చేది అక్కయ్య చెప్పిన చోట. మోడీలో ఒక్క జన్యువు చాలు, అది కూడా ఒక్క కాపీలో చెడితే చాలు. ప్రతి తరంలో, చిన్న వయసులో, లావు లేని వాళ్ళకు వస్తుంది. ఏ రకమో తెలిస్తే మందు మారుతుంది. హెచ్‌ఎన్‌ఎఫ్1ఏ అయితే సల్ఫొనైల్‌యూరియా మాత్రకు బాగా లొంగుతుంది. జీసీకే అనే జన్యువు వల్ల వచ్చే రకానికైతే సాధారణంగా మందే అక్కర్లేదు.

తమ్ముడూ, మీ అన్న 29, మీ నాన్న 45. మోడీ అని చెప్పడానికి ఇది చాలదు, కాదని తోసేయడానికీ లేదు. షుగర్ డాక్టరును అడిగి ముందు గ్యాడ్ యాంటీబాడీ, సీ-పెప్టైడ్ (ఒంట్లో ఇన్సులిన్ ఎంత తయారవుతోందో చెప్పేది) పరీక్షలు చేయించండి. సన్నగా ఉండి పెద్దయ్యాక వచ్చే షుగర్‌లో, రోగనిరోధక శక్తే బీటా కణాల మీద పడే రకం ఇంకొకటి ఉంది. దాన్ని యాంటీబాడీ పరీక్ష పట్టిస్తుంది.

పలమనేరు_రైతు
జూన్ 4, ఉదయం 6:20

రాత్రంతా ఈ మాటలే చదివినా. ఒకటి అడుగుతా. మా పక్కన మేనరికాలు జాస్తి. అక్క కూతురు, మేనత్త కొడుకు. దానివల్ల షుగర్ వస్తుందా?

దామలచెరువు_మామిడి
జూన్ 4, ఉదయం 7:02

నేనూ అదే అడగాలనుకున్నా. మా నాయన సొంత అక్క కూతుర్నే చేసుకున్నాడు.

ఎస్వీయూ_పాత_విద్యార్థి
జూన్ 4, ఉదయం 8:15

తమ్ముడూ, ఈ మాట మొదటి రోజే చెప్పి ఉండాల్సింది. ఒక్కసారి కాగితం తీసుకుని వంశవృక్షం గీయి. మీ నాన్నకు తండ్రి అయిన తాత, మీ అమ్మకు ఎవరు? మీ అమ్మమ్మకు తండ్రి. అంటే అరికాలి పుండుతో పోయిన ఆ మనిషే మీ అమ్మకు కూడా సొంత తాత. "అమ్మ వైపు లేదు" అన్నావే, అమ్మ వైపు, నాన్న వైపు అని మీ ఇంట్లో రెండు వైపులు పూర్తిగా లేవు. మేనమామ, మేనకోడలు జన్యువుల్లో సగటున నాలుగో వంతు పంచుకుంటారు.

ఇక పలమనేరు అన్న అడిగింది. మేనరికం షుగర్‌ను పుట్టించదు. కొత్త జన్యువునేదీ తీసుకురాదు. అది చేసేది ఒకటే, ఒకే పూర్వీకుడి కాపీ తల్లి దారిలోనూ తండ్రి దారిలోనూ నడిచి వచ్చి ఒకే బిడ్డలో కలుసుకునే అవకాశాన్ని పెంచుతుంది. మేనమామ, మేనకోడళ్ళ బిడ్డలో ఏ జన్యువు చోటైనా అలా కలిసే అవకాశం ఎనిమిదింట ఒకటి. మేనత్త మేనమామ బిడ్డలు పెళ్ళాడితే వాళ్ళ సంతానంలో పదహారింట ఒకటి. రెండు కాపీలూ చెడితేనే వచ్చే జబ్బుల్లో ఇది చాలా పెద్ద విషయం. షుగర్‌లో వందల తేడాలు కలిసి పనిచేస్తాయి కాబట్టి అంత సూటిగా ఉండదు. కానీ తాతకు టీసీఎఫ్7ఎల్2లో టీ ఉండి ఉంటే, మీ ముగ్గురిలో ఎవరికైనా అది రెండు కాపీల్లోనూ చేరే దారి బయటి సంబంధం చేసుకున్న ఇంటికన్నా వెడల్పు.

అందుకే మీ అమ్మకు పరీక్ష తప్పనిసరి.

నైట్‌డ్యూటీ_అక్క
జూన్ 4, రాత్రి 11:30

వార్డులో నేను రోజూ చూసేది ఇదే. మగవాళ్ళ కాళ్ళకు కట్లు కట్టిస్తూ పక్కన నిలబడే ఆడవాళ్ళు తమ వేలు మాత్రం చాచరు. నాకేం రోగం లేదమ్మా అంటారు.

దామలచెరువు_మామిడి
జూన్ 5, ఉదయం 6:48

చేయిస్తా అక్కా. ముగ్గురం, అమ్మతో కలిపి. కానీ ఒక్క మాట చెప్పండి సార్, ఆ టీ రెండు కాపీలూ నాలో ఉంటే, నడిచినా తిండి మార్చినా ఏమన్నా ఉపయోగం ఉంటాదా?

ఎస్వీయూ_పాత_విద్యార్థి
జూన్ 5, ఉదయం 9:00

ఉంటుంది. ఇది ఊరికే చెప్పే ధైర్యం కాదు. అమెరికాలో ముందు దశ వాళ్ళ మీద జరిగిన పెద్ద అధ్యయనం 2002లో వచ్చింది. బరువులో 7 శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాల నడక, ఈ రెండూ లక్ష్యం. షుగర్‌గా మారడం 58 శాతం తగ్గింది. మెట్‌ఫార్మిన్ మాత్రతో 31 శాతం. తర్వాత 2006లో ఆ మనుషుల డీఎన్‌ఏనే చూశారు. ఏ మార్పూ చేయని గుంపులో టీ రెండు కాపీలు ఉన్నవాళ్ళు, అసలు లేనివాళ్ళకంటే సుమారు 1.8 రెట్లు ఎక్కువగా షుగర్‌లో పడ్డారు. నడక, తిండి గుంపులో ఆ తేడా దాదాపు చెరిగిపోయింది.

మన దగ్గర ఫలితం అంత పెద్దగా రాలేదు, దాచను. చెన్నైలో రామచంద్రన్ గారి బృందం చేసిన అధ్యయనంలో తగ్గింది 28.5 శాతం. అయినా ఏడుగురికి రావాల్సిన చోట ఇద్దరు తప్పించుకున్నారంటే, ఆ ఇద్దరిలో ఒకరు నువ్వే కావచ్చు కదా. నీ 66 కిలోల్లో 7 శాతం అంటే నాలుగున్నర కిలోలు.

బైరాగిపట్టెడ_మాస్టారు
జూన్ 5, ఉదయం 10:30

నేను యూనివర్సిటీ గ్రౌండులో రోజూ ముప్పావు గంట నడుస్తాను. అలిపిరి మెట్లు 3,550 నెలకోసారి ఎక్కేవాళ్ళు మిగతా 29 రోజులు కూర్చుంటే ఫలితం నిలవదు. సంగటి విషయం కూడా: రాగిలో పీచు ఉంది, కానీ ముద్ద పెద్దదైతే, అందులో బియ్యం సగమైతే, షుగర్ పెరుగుతుంది. నేను గ్లూకోమీటరుతో చూసుకున్నాను. ముద్ద సగానికి తగ్గించి, ఆకుకూర పప్పు రెట్టింపు చేశాక నా అంకె దిగింది.

కొర్లగుంట_కుర్రోడు
జూన్ 5, మధ్యాహ్నం 12:10

చెల్లెలి సంబంధం గురించి ఎవరూ మాట్లాడలేదు. అన్నా, దాచొద్దు, తలవంచొద్దు. 2023లో ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) లెక్క వచ్చింది, దేశంలో 10 కోట్ల పైన మందికి షుగర్, ముందు దశలో ఇంకో 13 కోట్ల 60 లక్షలు. షుగర్ లేని వంశం కోసం వెతికేవాళ్ళు ఏ ఊరికి పోతారు? చెల్లెలి రిపోర్టు చేతిలో పెట్టుకుని, మా ఇంట్లో ఉంది, అందుకే మేము ఏటేటా చూసుకుంటాము అని చెప్పు. అది విని కూర్చున్నవాళ్ళే మంచి సంబంధం.

దామలచెరువు_మామిడి
జూన్ 29, రాత్రి 9:15

ఆలస్యమైంది, క్షమించండి. మామిడి కాయ కోతల్లో పడిపోయినా. రిపోర్టులు వచ్చినాయి.

నాకు రెండు గంటలకు 158. ముందు దశే. నెల నుంచి పొద్దున నడుస్తా ఉండా, కిలోన్నర తగ్గినా. చెల్లెలికి 112, ఏమీ లేదు. అన్నకు గ్యాడ్ నెగటివ్, సీ-పెప్టైడ్ బాగానే ఉంది. జన్యు పరీక్ష అవసరమా అనేది డాక్టరు మా వంశవృక్షం కాగితం తన దగ్గర పెట్టుకొని వచ్చే నెల చెప్తానన్నాడు.

అమ్మకు రెండు గంటలకు 226. హెచ్‌బీఏ1సీ 7.6.

రిపోర్టు నాయనే చదివినాడు. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత వంటింట్లోకి పోయి, ఇన్నాళ్ళూ తన కోసం విడిగా పెట్టిన చిన్న గిన్నె పక్కన పెట్టేసి, ఇంక ఇంట్లో అందరికీ ఒకటే కూర, ఒకటే ముద్ద అన్నాడు. నా వల్లనే అనే మాట ఆ రోజు నుంచి అనలేదు. అమ్మకు మాత్రం కోపమే, నాకేమీ కాలేదు, మిషను తప్పు చూపించింది అంటాది.

నైట్‌డ్యూటీ_అక్క
జూన్ 29, రాత్రి 11:50

అమ్మకు ఎన్నేళ్ళ నుంచి ఉందో మనకు తెలియదు తమ్ముడూ. అందుకని మందు మొదలుపెట్టడంతో ఆగొద్దు. కంటి చుక్కలు వేసి రెటీనా చూడాలి, మూత్రంలో ఆల్బుమిన్ చూడాలి, పాదాలకు స్పర్శ ఉందో లేదో చూడాలి. మిషను తప్పు అంటోంది కదా, ఇంకోచోట మళ్ళీ తీయించండి. ఆమె కళ్ళారా చూస్తే నమ్ముతుంది.

దామలచెరువు_మామిడి
జూన్ 30, ఉదయం 5:40

ఏడు గంటల బస్సుకు పిలుచుకొని వస్తా ఉండా అక్కా. పరగడుపునే ఉంది.